పగలు రెండు గంటలకు

పటాన్‌చెరు,
6 మార్చి 1995.

అత్తమ్మకు,

నీ కాలు ఎలా ఉంది? కట్టు ఎప్పుడు విప్పుతారని బాపు రోజూ అడుగుతున్నాడు. నువ్వు అడిగిన లైనింగు గుడ్డ మన దుకాణంలో మూడు రంగుల్లో ఉంది. ముక్కలు ఈ కవరులో పెడుతున్నాను. ఏది కావాలో రాస్తే పార్సిల్ చేయిస్తాను.

ఇక రాయబోయేది ఫోనులో చెప్పే సంగతి కాదు. మన ఫోను దుకాణంలో గల్లా పక్కన ఉంటుంది. అక్కడ నిలబడి నేను 'బాగున్నాను' తప్ప ఇంకేమీ అనలేను. నీకు తెలుసు కదా. అందుకే రాస్తున్నాను.

నాకు లైబ్రరీలో ఒక స్నేహితురాలు ఉంది. చిట్కుల్‌లో తల్లితో ఉంటుంది. మందుల కంపెనీలో మాత్రలు ప్యాకింగ్ చేస్తుంది. మొదటి షిఫ్టు రెండు గంటలకు వదులుతారు. బుధవారం, శనివారం అటు నుంచి అటే లైబ్రరీకి వస్తుంది. మా స్నేహమంతా ఒక వారపత్రిక మీదే. దాన్ని ఎవరూ తీసుకోకుండా నేను చేయి ఆనించి కూర్చుంటాను. ఆమె వచ్చాక సీరియల్ ఇద్దరం కలిసి చదువుతాం. ఆమె నాకంటే నెమ్మదిగా చదువుతుంది. నేను పేజీ తిప్పబోతే 'ఆగు' అంటుంది. చాలా రోజులు మేము మాట్లాడుకున్నది ఆ ఒక్క మాటే.

పోయిన బుధవారం ఆమె రాలేదు. నాలుగు దాకా చూశాను. కొంచెం కోపం వచ్చి, పత్రిక వేరేవాళ్లకు ఇచ్చేశాను. అదే రోజు, పగలు రెండు గంటలకు, లైబ్రరీకి వస్తుండగా గోదాముల వెనక దారిలో ఆమె మీద అత్యాచారం జరిగింది. చేసినవాడు అక్కడి ఒక గోదాములో హమాలీల మేస్త్రీ. ఆమె రోజూ చూసే ముఖమే.

పేరు రాయను. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. ఇంట్లో ఈ సంగతే ఎత్తలేదు. నిన్న వాళ్ల ఇంటికి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. గోడ వైపు తిరిగి పడుకుంది. ఇన్ని పుస్తకాలు చదివాను, ఆమెకు ఏం చెప్పాలో ఏ పుస్తకంలోనూ చూసినట్టు లేదు. నువ్వైతే ఏమనేదానివి? అది రాయి. వెళ్లి చెబుతాను.

నీ విమల


బోధన్,
11 మార్చి.

విమలా,

నా దీవెనలు. కాలు గట్లనే ఉన్నది. తడి బండ మీద జారినందుకు ఇన్ని దినాలు మంచమే గతి అయింది. వంట మీ మామ చేస్తుండు. నిన్న పప్పుల రెండుసార్లు ఉప్పేసిండు. నేను ఈడికెల్లి మొత్తుకుంటె మరిచిపోయి మూడోసారి వెయ్యబోయిండు. చెరుకు బండ్ల చప్పుడుకు పగటి నిద్ర గూడ లేదు. లైనింగు ఆకుపచ్చది పంపు.

నీ దోస్తు సంగతి చదివి మనసు పాడైంది. పాపం. కాని బిడ్డా, ఒక్క మాట అడుగుత, కోపానికి రాకు. కంపిని బస్సు ఉంటది గద, ఆ తోవ ఎందుకు పట్టింది? రోజు చూసే మొఖం అంటున్నవు. అంటె పలకరిస్తుండె కావచ్చు. ఆడపిల్ల నవ్వితె మొగోడు ఇంకోతీరు అనుకుంటడు. అది మనమే ఆలోచించాలె. ఒక్కతే పోవుడెందుకు? తల్లి ఏం చూస్తున్నది? ఆమె తప్పని నేనంటలేను. జెర జాగ్రత్తల ఉండవలసిండె అంటున్న, గంతే.

ఏం చెప్పాలని అడిగినవు. ధైర్యంగ ఉండమను. జరిగింది మరిచిపొమ్మను. కొన్ని దినాలు ఆ లైబ్రరీ బందు పెట్టుమను. నువ్వు గూడ ఆ ఇంటికి ఎక్కువ పోకు. నలుగురు చూస్తరు.

మీ అమ్మకు చెప్పు, పోయినేడు మామిడికాయ తొక్కు ఇంక ఉన్నది, పాడు కాలేదు.

రుక్మిణత్త


పటాన్‌చెరు,
16 మార్చి.

అత్తమ్మకు,

ఆకుపచ్చ లైనింగు పంపించాను.

నువ్వు చెప్పమన్న మాటలు ఆమెకు చెప్పలేదు. నువ్వు అడిగినవన్నీ ఆమెను అప్పటికే అడిగారు.

మంగళవారం ఆమె, తల్లి పోలీస్ స్టేషన్‌కు వెళ్తూ నన్ను తోడు రమ్మన్నారు. కాగితం మీద ఏం రాశారో చదివి చెప్పడానికి. నేను బెంచీ చివర కూర్చున్నాను. రాసుకునే ఆయన తల ఎత్తకుండా అడిగాడు.

"ఆ తోవనే ఎందుకు పోయినవ్?"

"లైబ్రరీకి సార్."

"మాత్రలు కట్టేదానికి లైబ్రరీ ఏందే?"

జవాబు కోసం ఆగకుండా కాగితం తిప్పాడు.

"వాన్తోని ఎన్ని దినాల సంది మాట్లాడుతున్నవ్?"

"నమస్తే అంటె నమస్తే అన్న సార్."

"ఆఁ. మరి?"

ఆ 'మరి' కాగితం మీద లేదు. నేను చదివాను కదా, లేదు. కానీ కాగితమంతా అదే ఉన్నట్టు అనిపించింది. ఏ బట్టలు వేసుకున్నావని కూడా అడిగాడు. కంపెనీవాళ్లు ఇచ్చిన నీలం కోటు. మెడ దాకా గుండీలు ఉంటాయి. అది రాసుకోలేదు.

బయట చాయ్ బండి దగ్గర ఒకడు మమ్మల్ని చూసి పక్కవాడితో అన్నాడు. "సదువుకోను పోయిందట. సదువు మంచిగనే అయింది." ఇద్దరూ నవ్వారు. నాకు జవాబు ఇంటికి వచ్చాక దొరికింది. ఎప్పుడూ అంతే.

ఊళ్లో అందరూ అది రాత్రి జరిగిందని చెప్పుకుంటున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. దుకాణానికి వచ్చే ఆడవాళ్లు కూడా "రాత్రిపూట దానికి ఏం పని" అంటారు. పగలు రెండు గంటలకు అని ఒకరితో అన్నాను. ఆవిడ నా మాట విననట్టే రవికె గుడ్డ వెలుతురులో పెట్టి చూసుకుంది. పగలని ఒప్పుకుంటే వాళ్లకు అనడానికి ఏమీ మిగలదు.

వర్తక సంఘంవాళ్లు ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పుతారట. బాపు కార్యదర్శి కదా. క్యాసెట్‌కు ఆడగొంతు కావాలన్నారు. కాన్వెంటులో రోజూ ప్రార్థన చదివిన పిల్ల ఉందని బాపు నా పేరు చెప్పాడు. కాగితం తెచ్చి ఇచ్చాడు. అందులో ఇలా ఉంది: 'మహిళలకు విజ్ఞప్తి. చీకటి పడిన తర్వాత ఒంటరిగా బయట తిరగవద్దు. మర్యాదగల దుస్తులు ధరించండి. పరాయి పురుషులతో చనువుగా మాట్లాడవద్దు. మీ గౌరవం మీ చేతుల్లోనే ఉంది.'

"రెండు గంటలకు చీకటి ఎక్కడుంది బాపూ?" అని అడిగాను.

"గిది ఆ పిల్ల ముచ్చట కాదు బిడ్డా. అందరి మంచికి."

నేను చదవనన్నాను. బాపుకు కాదని చెప్పడం ఇదే మొదటిసారి. ఎందుకని అడిగితే చెప్పలేకపోయాను, మాట ఇచ్చాను కాబట్టి. గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

'ఆమె తప్పని నేనంటలేను' అని రాశావు. వెంటనే 'జాగ్రత్తల ఉండవలసిండె' అని రాశావు. రెండూ ఒకే సిరాతో ఎలా రాశావో నాకు అర్థం కాలేదు. ఆమెను అడిగిన ప్రతిదీ నన్ను అడిగినట్టే ఉంది. నేనూ ఒక్కదాన్నే నడిచి పోతాను. నాకూ ఎవరైనా నమస్తే అంటే నమస్తే అంటాను.

లైబ్రరీ మానేశాను. నువ్వు చెప్పావని కాదు, బాపు వద్దన్నాడు.

విమల


బోధన్,
22 మార్చి.

నా బిడ్డ విమలకు,

నిన్న మీ బాపు ఉత్తరం వచ్చింది. నువ్వు స్టేషన్ల బెంచి మీద కూసున్నది ఎవరో చూసి ఆయనకు చెప్పిండ్రట. అడిగితె నువ్వు నోరు తెరుస్తలెవ్వట. తలుపేసుకుంటున్నవట. కంచంల అన్నం కంచంలనే ఉంటున్నదట. 'అక్కా, నాకు భయమైతున్నది, ఏమైందో నువ్వన్న అడుగు' అని రాసిండు. నీ రెండు ఉత్తరాలు తీసి మళ్ల చదివిన. 'ఆమెను అడిగిన ప్రతిదీ నన్ను అడిగినట్టే ఉంది' అన్న కాడికి వచ్చి ఇగ ముందటికి పోలేకపోయిన.

చిన్నప్పుడు గూడ నువ్వు గంతే. పలక పగిలితె నా తానికొచ్చి 'అత్తమ్మా, ఒక పిల్ల పలక పగలగొట్టుకుంది' అని చెప్తుంటివి. ఆ పిల్లెవరో నాకు తెలుస్తుండె. నేను అడగకపోతుంటి. కొత్త పలక తెచ్చిస్తుంటి.

ఇప్పుడు గూడ అడగను. దోస్తు అన్నవు, దోస్తే అనుకుందాం. నువ్వు చెప్పవలసిన పని లేదు.

విను బిడ్డా. నువ్వేం తప్పు చెయ్యలేదు. తోవెంట పోయినవు. తోవ ఉన్నది పోనీకే. నమస్తే పెట్టినవో నవ్వినవో, అది నీ మంచి గుణం. వానికి ఇచ్చిన పర్మిషన్ కాదు. చేసింది వాడు. సిగ్గు వాంది. నీ మీద అది నూలుపోగంత గూడ లేదు.

నేను జారి పడ్డనాడు ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరు ఆ బండను తిట్టిండ్రు. మీ మామైతె సుత్తె పట్టుకొని పోయి దాన్ని పగలగొట్టిండు. నువ్వు అటెందుకు నడిచినవని ఒక్కరన్న అడగలేదు. నిన్ను గూడ ఎవరు అడగొద్దు. అడిగితె నా తానికి పంపు. కాలు విరిగింది గని నోరు మంచిగనే ఉన్నది.

యాల్లకు తిను. తల దువ్వుకో. ఏడుపొస్తె ఏడువు, రాకుంటె ఊకుండు, దానికి గూడ ఒక పద్ధతి లేదు. మరిచిపొమ్మని నేననను. బస్సుల మరిచిపోయిన గొడుగు కాదు గద అది. మాట్లాడబుద్ధి అయితె మాట్లాడు. ఎక్కడ చెప్పాలంటె అక్కడ చెప్పు, నేను పక్కన నిలబడుత. పేరు పోయిందని ఎవరన్న అంటె నమ్మకు. పేరు నీది. అది ఎటు పోదు.

ఈ కట్టు లేకుంటె ఉత్తరం కంటె ముందు నేనే వస్తుంటి. విప్పినంక వస్త. వచ్చి నీ పక్కన పండుకుంట. ఏం మాట్లాడకున్నా సరే.

మీ బాపుకు నేనేం రాయలేదు. నువ్వు రాయమంటెనే రాస్త.

అత్త


పటాన్‌చెరు,
26 మార్చి.

అత్తమ్మా,

అది నేను కాదు.

ముందు ఈ మాట రాసి మిగతావి రాస్తున్నాను. నాకేమీ కాలేదు. స్టేషన్‌కు తోడు వెళ్లాను, అంతే. పలక పగలగొట్టుకున్న పిల్లను నేనే. ఇది మాత్రం నిజంగా ఇంకొక అమ్మాయి.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఆ తర్వాత కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. నీ రెండు ఉత్తరాలు మంచం మీద పక్కపక్కన పెట్టి చూశాను. అదే దారి. అదే నమస్తే. వాడూ అదే మనిషి. ఏదీ మారలేదు, నేననుకున్నావు, అంతే. ఈ మాటలు నీ దగ్గర ముందు నుంచే ఉన్నాయి కదా. ఆమె కోసం అడిగినప్పుడు ఎందుకు ఇవ్వలేదు? నన్ను కన్నదానిలా పెంచావు, నాకు ఇస్తావని తెలుసు. నేను అడిగింది ఆమె కోసం.

ఇక్కడి సంగతి విను. సంఘంవాళ్లు నా మాట విన్నారు. రెండు గంటలకు చీకటి లేదని నేనన్నది బాపు మీటింగులో చెప్పాడట. నిజమే అన్నారట. తప్పు దిద్దుకున్నారు. ఇప్పుడు క్యాసెట్‌లో ఇలా వస్తోంది: 'పగలైనా రాత్రైనా మహిళలు ఒంటరిగా బయట తిరగవద్దు.' ఎవరో టీచరమ్మ చదివింది. గొంతు బాగుంది. ఒక్క అక్షరం మింగలేదు. వాళ్ల దగ్గర రాత్రి ఒక్కటే ఉండేది. పగలు నేను తీసుకెళ్లి ఇచ్చాను.

ఆ ఆటో చిట్కుల్ కూడా పోతుంది. వాళ్ల సందు ఇరుకు కాబట్టి ఆ ఇంటి ముందు మెల్లగా పోతుంది. తల్లి తలుపు మూస్తుంది. రేకు తలుపు, ఏమీ ఆపదు.

వచ్చే సోమవారం, మూడో తేదీన, ఆమె సంగారెడ్డి కోర్టులో మేజిస్ట్రేటు ముందు జరిగింది చెప్పాలి. చెప్పకపోతే కేసు నిలవదని వకీలు అన్నాడు. కానీ తల్లి మూటలు కడుతోంది. ఆదివారం హత్నూరలో తమ్ముడి ఇంటికి తీసుకెళ్లిపోతుందట. ఇక తిరిగి రారు. "చెప్పి ఏం జేస్తం బిడ్డా. తప్పు ఎవలదో మైకుల చెప్పవట్టిరి గద" అంది. కూతురు విని గోడ వైపు జరిగింది.

నీ రెండో ఉత్తరం నా సంచిలో ఉంది. బయటికి తీయలేదు. అది నాకు రాసింది. ఆమెకు రాసింది మొదటిది.

విమల


బోధన్,
29 మార్చి.

విమలా,

నువ్వు కాదని చదవంగనే దేవుని ముంగట దీపం పెట్టమని మీ మామకు చెప్పిన. పెట్టిండు. నా మంచం మీదికెల్లి కనవడుతది. జెరసేపు చూసి, ఆర్పమన్న. ఏమైందని అడిగిండు. ఇంకోల్ల పిల్ల అని తెలిసి దీపం పెట్టుకున్న మనిషిని, ఏమని చెప్పాలె.

నీ తాన మాటలు ముందే ఉన్నయి గద అన్నవు. ఉన్నయి. ఎందుకు ఇయ్యలేదో పొద్దంత ఆలోచన చేసిన. ఆ పిల్ల ఏదో ఒకటి చేసిందనుకుంటె, అది చెయ్యని నా బిడ్డకు ఏం కాదు. గా ధీమ కోసం అడిగినట్టున్న అవన్ని. ఇంతకంటె జవాబు లేదు నా తాన. నీ కోపం తగ్గించుకొమ్మని గూడ అనను.

ఆ రెండో ఉత్తరం తీసుకపోయి ఆ పిల్లకు చదువు. ఎవరనుకొని రాసిన్నో రాసిన, మాటలైతె అవ్వే. నీ పేరున్న కాడ ఆమె పేరు చదువు. ఒక్కటి గూడ తీసెయ్యకు. పలక ముచ్చట ఒక్కటి విడిచిపెట్టు, అది నీది. ఈ ఉత్తరం గూడ అడిగితె చూపియ్యి. మొదటి దాన్ని చింపు. వద్దు, ఉంచు. వచ్చినంక నాకు చూపియ్యి.

కట్టు ఐదో తారీఖు విప్పుతరు. ఆకుపచ్చ గుడ్డ అందింది. విప్పి చూడలేదు.

రుక్మిణి


పటాన్‌చెరు,
3 ఏప్రిల్.

అత్తమ్మకు,

నీ ఉత్తరం శనివారం అందింది. అప్పుడే చిట్కుల్ బయలుదేరాను. ఈసారి బాపుకు చెప్పి వెళ్లాను. "స్టేషన్‌కు ఒక స్నేహితురాలి కోసం పోయాను. పేరు అడగకు. నాకేమీ కాలేదు." బాపు మీటరు కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు. "గా మాట ముందే చెప్తె ఏమాయె బిడ్డా" అన్నాడు. మైకు ఆపించమన్నాను. "శ్రీరామనవమి దాక ఆటో మాట్లాడినం. నడిమిట్ల ఆపితె సంఘంల ఏమంటరు" అన్నాడు. నాకేమీ కాలేదని తెలిశాక ఆయనకు మైకు మళ్లీ మామూలు మైకు అయిపోయింది.

మూటలు గడప దగ్గర ఉన్నాయి. ఆమె గోడ వైపే ఉంది. నేను కింద కూర్చుని నీ ఉత్తరం తీశాను. నా పేరున్న చోట ఆమె పేరు పెట్టి చదివాను. ఆమెకు మాత్రమే వినబడేలా మొదలుపెట్టాను. తల్లి మూట మీద కూర్చుని, "జెర పెద్దగ సదువు బిడ్డా, నాక్కూడ ఇనవడాలె" అంది. పెద్దగా చదివాను.

'సిగ్గు వాంది' అన్న చోట ఉండగా ఆటో వచ్చింది. సందులో మెల్లగా, ఎప్పటిలాగే. నేను కాగితం దించాను. ఆమె ఇటు తిరిగింది. "ఆపకు" అంది. పేజీ తిప్పబోతే ఆగు అనే మనిషి. మైకును మించి నేను అరవలేను. అయినా చదివాను. ఏ మాట వినబడిందో, ఏది పోయిందో తెలియదు. ఆటో పోయాక, "మొదటికెల్లి సదువు" అంది.

రెండోసారి, మామయ్య సుత్తె పట్టుకుని బండను పగలగొట్టిన చోట తల్లి కొంచెం నవ్వింది. "గసొంటి మొగోడు గూడ ఉంటడా" అంది.

చదవడం అయ్యాక ఆమె అడిగింది. "గీమెకు నేను ఎవలో తెల్వదు గద. తెల్వకనే గింత మంచిగ రాసిందా?"

అబద్ధం చెప్పలేకపోయాను. నేననుకుని రాశావని చెప్పాను. మొదటి ఉత్తరంలో ఏముందో కూడా చెప్పాను. ఆమె ముఖం మళ్లీ గోడ వైపు పోయింది. తప్పు చేశాననుకున్నాను. నీ మూడో ఉత్తరం తీసి ఆమె చేతి దగ్గర పెట్టాను. చాలాసేపటికి తీసుకుంది. తనే చదువుకుంది, నెమ్మదిగా, వేలు పెట్టి. నేను కాసుకుని కూర్చున్నాను. చివరికి, "ఆర్పిన దీపం మల్ల పెట్టుకొమ్మను" అంది. లేచి, మూటలోంచి తన చీర ఒకటి బయటికి లాగింది. తల్లి ఆ మూట ముడి మళ్లీ వేయలేదు.

ఈ రోజు ముగ్గురం సంగారెడ్డి వెళ్లాం. లోపలికి ఆమెను ఒక్కదాన్నే రానిచ్చారు. మేము వరండాలో నిలబడ్డాం. బయటికి వచ్చి ముందు నీళ్లు తాగింది.

"చెప్పిన" అంది. "ఎన్ని గంటలకని అడిగిండు. పగటీలి రెండు గంటలకని చెప్పిన. రాసుకున్నడు."

"మళ్లీ అడిగాడా?"

"అడగలే. గట్లనే రాసుకున్నడు."

కేసు ఏమవుతుందో తెలియదు. బస్సు దిగేసరికి బస్టాండు ముందు ఆ ఆటో ఆగి ఉంది. డ్రైవరు చాయ్ తాగుతున్నాడు. క్యాసెట్ దానంతట అదే తిరుగుతోంది. మేము దాని పక్క నుంచే నడిచాం.

నీకు ఉత్తరం రాస్తున్నానని చెప్పాను. "నా పేరు రాయి. ఎటు పోదని ఆమెనే అన్నది గద" అంది.

ఆమె పేరు సంగమ్మ.

విమల